మరక ఒకటే, పేర్లు రెండు (పల్లె గొంతు – 19)

పోయిన భాగంలో హాస్టల్ అన్నం గురించి రాశాను. చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తమ పళ్ళెంలోని కథలు రాసి పంపారు. అన్నీ చదివాను. ఈ వారం కూడా హాస్టల్ దగ్గరే ఆగుతాను. కాకపోతే ఈసారి అన్నం కాదు, బట్ట. ఒక చీటీకి నేను జవాబు బాకీ ఉన్నాను. అది తీర్చకుండా ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ మనకు సభల నెల. 5న జగ్జీవన్ రామ్, 11న ఫూలే, 14న బాబాసాహెబ్. దండలు, ఫ్లెక్సీలు, మైకులు. అలాంటి ఒక సభకి, ఆడపిల్లల ఎస్సీ హాస్టల్‌కి, నన్నూ పిలిచారు. ముఖ్య అతిథి ఒక రిటైర్డు అధికారి. మనవాడే. మన పల్లెలోంచి, మట్టిగోడల ఇంట్లోంచి చదువుకుని పైకి వచ్చిన మనిషి. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇకపై రాసేదంతా ఆయన మాటతో తగువే.

ఆయన పిల్లలకి చెప్పింది ఇది: "అమ్మా, లోకం ముందు మీ బట్ట చూస్తుంది, తర్వాతే మీ మార్కులు. మరక లేని బట్ట కట్టుకోండి. తల దువ్వుకోండి. గోళ్ళు తీసుకోండి. అప్పుడు మీ కులం ఎవడూ అడగడు. బాబాసాహెబ్ సూటు చూశారా? ఒక్క మరకైనా ఉంటుందా?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

తర్వాత ప్రశ్నల డబ్బా తెచ్చారు. ఆయన ఒక్కో చీటీ తీసి చదువుతూ జవాబులు చెప్పారు. గ్రూప్స్‌కి ఎన్ని గంటలు చదవాలి, ఇంగ్లీషు ఎలా వస్తుంది, ఇలాంటివి. ఒక చీటీ విప్పారు. చూశారు. మళ్ళీ మడతపెట్టి పూలగుత్తి కింద దోపి ఇంకో చీటీ తీశారు. సభ అయ్యాక నేను ఆ పూలగుత్తి ఎత్తి చూశాను. పెన్సిల్‌తో రాసి ఉంది, పేరు లేదు:

"యూనిఫాం మీద నెలసరి మరక పోవట్లేదు. ఎంత రుద్దినా పోలేదు. ఉన్నవి రెండు జతలే. మరకది వేసుకోవాల్సిన రోజు నేను స్కూలుకి పోను. ఏం చెయ్యాలి?"

మరక లేని బట్ట కట్టుకోండి అని అరగంట చెప్పిన మనిషి, మరక ఎలా పోతుందని అడిగితే చీటీ దాచేశాడు. నా తగువంతా ఇక్కడ మొదలైంది.

సిద్ధాంతం తర్వాత మాట్లాడదాం. ముందు చీటీకి జవాబు.

చెల్లీ, నువ్వెవరో నాకు తెలీదు. తెలియనక్కర్లేదు. ఇది నీకు.

రక్తం మరకకి వేడినీళ్ళు తగలనివ్వకు. రక్తంలో ఉన్నది మాంసకృత్తు. కోడిగుడ్డు తెల్లసొన వేడికి ఎలా గట్టిపడుతుందో, రక్తం కూడా వేడినీళ్ళకి నూలు పోగుల్లో అలాగే గట్టిపడి కూర్చుంటుంది. అందుకే చన్నీళ్ళు. బట్ట తిరగేసి, మరక వెనక వైపు నుంచి చన్నీళ్ళు ధారగా పొయ్యి. ముందు నుంచి పోస్తే మరక ఇంకా లోపలికి పోతుంది. తర్వాత బకెట్లో చన్నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, అరగంట నానబెట్టు. ఆ తర్వాతే సబ్బు. బ్రష్షుతో గీకకు, పోగులు లేచిపోతాయి. గుడ్డని గుడ్డతోనే రుద్దు.

ఎండిపోయిన మరకైతే రాత్రంతా చన్నీళ్ళలో ఉంచు, నీళ్ళు మారుస్తూ ఉండు. ఎంజైములున్న డిటర్జెంట్ పొడి దొరికితే ఇంకా మంచిది. ప్యాకెట్ మీద ఆ మాట రాసి ఉంటుంది. రక్తం, పాలు, గుడ్డు లాంటి మరకల్ని అది ముక్కలు చేసి వదిలిస్తుంది. తెల్ల నూలు బట్టయితే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం వేసి చూడు, నురగ వచ్చి మరక పలచబడుతుంది. రంగు బట్టకి రంగు కూడా పోవచ్చు కాబట్టి ముందు లోపలి మడత మీద ఒక చుక్క వేసి చూసుకో. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టకు. బాత్రూం కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకు. దాన్లోంచి వచ్చే గాలి ప్రాణం తీస్తుంది.

చదువుతున్న మిగతావాళ్ళకి కూడా నాలుగు ముక్కలు. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రబడుతుంది, కంగారుపడొద్దు. కడిగి ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. నూనె మరకకి గిన్నెలు తోమే సబ్బు. బాల్‌పెన్ను మరకకి కింద పాత గుడ్డ పెట్టి, పైన స్పిరిటో శానిటైజరో అద్దాలి. తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు, ఎండ.

ఒక్క మరక మాత్రం ఉంది, దానికి ఈ వైద్యాలేవీ పనిచేయవు. నల్లజీడి మరక. పూర్వం చాకలివాళ్ళు ఏ బట్ట ఎవరిదో గుర్తుపట్టడానికి జీడిగింజ రసంతో మూలన చిన్న గుర్తు పెట్టేవాళ్ళు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పోకూడదనే పెట్టేవాళ్ళు. ఈ జీడి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నా కథ.

ఈ చన్నీళ్ళ సంగతి తొమ్మిదో తరగతిలో నాకు తెలియదు. మా అమ్మకీ తెలియదు. మాది పల్నాడు. అమ్మ పత్తి తీతకి పోయేది. ఆ కూలి డబ్బులు కొంగున ముడివేసి ముడివేసి, ఆ ఏడు నాకు ఒక పంజాబీ డ్రెస్సు కొన్నది. తెలుపు మీద చిన్న చిన్న నీలం పువ్వులు. నా బతుకులో ఎవరూ వేసుకుని విడవని, నాకోసమే కొన్న మొదటి బట్ట అది. అప్పటిదాకా కట్టినవన్నీ అమ్మ పనిచేసే ఇళ్ళవాళ్ళ పిల్లలు విడిచినవి. వాటి మీద వాళ్ళ మరకలు ముందే ఉండేవి. ఆ మరకల్ని మేం కొత్తగా చేసినట్టు మాకు పేరొచ్చేది.

ఆగస్టు 15. వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి. ఆ డ్రెస్సు వేసుకుని జెండా దగ్గర వరసలో నిలబడ్డాను. నా పేరు పిలిచారు. రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి నవ్వులు. పంతులమ్మ గబగబా వచ్చి నా భుజం పట్టి పక్కకి లాగి అన్నది: "మీ పల్లెవాళ్ళకి శుభ్రం ఎప్పుడు వస్తుందే?" బహుమతి తర్వాత క్లాసులో ఇస్తామన్నారు. ఇవ్వలేదు.

అదే బడిలో, అంతకు రెండు వారాల ముందు, ఊళ్ళో పెద్దింటి అమ్మాయికి క్లాసులో ఇలాగే అయింది. అప్పుడు ఇదే పంతులమ్మ తన చీర కొంగు అడ్డంపెట్టి ఆ పిల్లని గదిలోకి తీసుకెళ్ళింది. ఇంటికి కబురు పంపింది. "పాపం, చిన్నపిల్ల, తెలియదు" అన్నది. అలాగే అనాలి. ఆ పిల్లకి అలాగే జరగాలి, ప్రతి పిల్లకీ అలాగే జరగాలి. నేను అడిగేది ఒకటే. అదే రక్తం. అదే బెంచీ. అదే వయసు. ఆమె మీద పడితే ప్రమాదం, నా మీద పడితే జాతి లక్షణం ఎలా అయింది? ఆమెకి జరిగింది ఆమెకే జరిగింది. నాకు జరిగింది మాత్రం మా పల్లె మొత్తానికి అంటింది.

మరక ఒకటే. పేర్లు రెండు.

టీవీలో మరక మంచిదే అని ఒక ప్రకటన వచ్చేది. బురదలో ఆడి ఇంటికొచ్చిన బాబుని చూసి అమ్మ ముద్దుగా నవ్వుతుంది. ఆ బాబు పెద్దింటి బాబు. అదే బురదతో మా తమ్ముడు బడికి పోతే గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్ళు. మరక మంచిదే కావచ్చు, కానీ అది ఎవరి చొక్కా మీద ఉందో చూశాకే మంచిదవుతుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఏమీ అడగలేదు. పొయ్యి మీద నీళ్ళు కాచింది. చాకలివాళ్ళు బానలో వేసి ఉడకబెడితే ఎంతటి మరకైనా పోతుందని ఎవరో అనగా విన్నది. విన్నదే గానీ చూడలేదు. ఎలా చూస్తుంది? ఊరి చాకలి మా పల్లెకి రాడు, మా బట్ట ముట్టడు. చాకిరేవులో మా బట్టకి చోటు లేదు. వాళ్ళ చేతుల్లో తరాల నుంచి ఉన్న విద్య, ఏ మరకకి ఏ నీళ్ళు, ఏ మట్టి, ఏ ఎండ అన్న విద్య, మా గడప దాటి లోపలికి రాలేదు. అందుకని అమ్మ తనకి తెలిసిన ప్రేమతో మసిలే నీళ్ళలో నా డ్రెస్సు ముంచింది. మరక గోధుమరంగుకి తిరిగి అక్కడే ఉండిపోయింది.

ఆరునెలలు ఆ డ్రెస్సు పెట్టెలో ఉంది. నేను వేసుకోనన్నాను. చివరికి అమ్మ దాన్ని నలుచదరం ముక్కలుగా చింపి నాకు ముట్టుగుడ్డలు చేసింది. నా బతుకులో మొదటి కొత్త బట్ట అలా అయిపోయింది.

ఇప్పుడు పెద్దాయనతో మాట్లాడతాను.

అయ్యా, బాబాసాహెబ్ సూటు మీద మరక లేదన్నారు. నిజమే. 1917లో బరోడాకి ఉద్యోగానికి పోయినప్పుడు కూడా లేదు. అప్పటికే అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువుకుని వచ్చిన మనిషి. మరి ఆఫీసులో బంట్రోతులు ఆయన బల్ల మీదకి ఫైళ్ళు దూరం నుంచి ఎందుకు విసిరారు? ఊళ్ళో ఉండటానికి గది ఎందుకు దొరకలేదు? పారసీ సత్రంలో ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి ఎందుకు వెళ్ళగొట్టారు? ఆ సూటు మీద వాళ్ళకి ఏ మరక కనిపించింది?

మీరు అదే వేదిక మీద దండ వేసిన ఇంకో ఫొటో ఉంది, జగ్జీవన్ రామ్ గారిది. తెల్లటి ఖాదీ కట్టే మనిషి. 1978లో, దేశ రక్షణ మంత్రిగా ఉండగా, కాశీలో సంపూర్ణానంద్ విగ్రహం ఆవిష్కరించారు. ఆయన వెళ్ళాక ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగారు. దేశ సైన్యమంతా ఎవరి మాట వింటుందో ఆ మనిషి చెయ్యి తగిలిన రాయి మైలపడిందట. ఆయన చొక్కాని ఎవరూ చూడలేదయ్యా.

అంతకు ముందు 1927, మహద్. మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి చవదార్ చెరువులో నీళ్ళు తాగారు. తర్వాత పైకులాల వాళ్ళు ఆ చెరువుని శుద్ధి చేశారు. దేనితో? 108 కుండల్లో ఆవుపేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోసి. పిల్లలూ, మీరు సైన్సు చదువుతున్నారు కదా, చెప్పండి. మనుషులు దోసిలితో తాగిన నీళ్ళలో పేడ కలిపితే దాన్ని ఏ పుస్తకంలో శుభ్రం అంటారు? పశువులు తాగుతున్నన్నాళ్ళూ ఆ చెరువుకి మైల లేదు. మనం తాగితే మైల. పేడ పోస్తే శుద్ధి. ఇది శుభ్రానికి సంబంధించిన గొడవ కాదని చెప్పడానికి ఇంకేం కావాలి?

అందుకే జీడిగింజ సంగతి చెప్పాను. మురికి అనేది పొరపాటున పడుతుంది, కడిగితే పోతుంది. జీడి గుర్తు పొరపాటున పడదు. ఈ బట్ట ఎవరిదో తెలియడానికి, ఏ మూటలో పడెయ్యాలో తెలియడానికి కావాలని పెడతారు. బట్ట ఎంత తెల్లగా ఉంటే ఆ గుర్తు అంత బాగా కనిపిస్తుంది. కులం మన మీద పడిన మురికి కాదు, మన మీద పెట్టిన గుర్తు. మీరు పిల్లలకి సబ్బు ఇచ్చి జీడి గుర్తు కడుక్కోమంటున్నారు. వాళ్ళు చర్మం ఊడేదాకా రుద్దుతారు, పోదు. పోనప్పుడు తప్పు తమ చేతుల్లో ఉందనుకుంటారు. ఆ చీటీ రాసిన పిల్ల ఇప్పటికే అలా అనుకుంటోంది. అందుకే బడి మానేస్తోంది.

ఆ గుర్తు పెట్టినవాళ్ళు దాచుకోలేదు కూడా. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుల గురించి రాసి పెట్టారు: ఊరి బయట ఉండాలి, శవాల మీది బట్టలు కట్టుకోవాలి. ముందు శవం మీది గుడ్డ కట్టుకోమన్నారు, తర్వాత ఆ గుడ్డకి మైల ఉందన్నారు. మరక వేసిన చెయ్యే వేలెత్తి చూపించింది. 1927 డిసెంబరు 25న అదే మహద్‌లో ఆ పుస్తకాన్ని బాబాసాహెబ్ ఎందుకు తగలబెట్టారో బట్టల వైపు నుంచి ఆలోచించినా అర్థమవుతుంది.

అక్కా, అయితే మురికిగా ఉండమంటావా అని అడిగే తమ్ముళ్ళుంటారు. కాదు. ఆ డిసెంబరు రోజుల్లోనే మహద్‌లో ఆయన మన ఆడవాళ్ళతో బట్టల గురించి మాట్లాడారు. ఫలానా కులం అని దూరం నుంచే తెలిసేలా చీర కట్టే పద్ధతి మానెయ్యండన్నారు, ఆ నగలు తీసెయ్యండన్నారు. 1942లో నాగపూర్ మహిళా సభలో శుభ్రంగా ఉండటం నేర్చుకోండన్నారు. నిజమే. కానీ ఆయన చెప్పినదానికీ పెద్దాయన చెప్పినదానికీ తేడా చూడండి. బాబాసాహెబ్ చెప్పింది గుర్తుని తెంచుకోమని. పెద్దాయన చెప్పింది గుర్తు కనపడకుండా దాచుకోమని. నీ ఒంటికి హాయిగా ఉండటానికి శుభ్రంగా ఉంటే అది నీ హక్కు. ఎదుటివాడి కళ్ళకి మనిషిలా కనపడటానికి శుభ్రంగా ఉంటే అది నువ్వు రోజూ కట్టే జరిమానా. ఆ జరిమానా ఎంత కట్టినా బాకీ తీరదు.

ఇప్పుడు చాకలి సంగతి. మా పల్లె బట్ట ఉతకలేదని రాశాను కాబట్టి రజక సోదరుల మీద కోపం అనుకోవద్దు. ఊరివాళ్ళ పురిటి బట్టలు, ముట్టు బట్టలు, చావు బట్టలు ఉతికి ఉతికి చేతులు పాచిపోయినవాళ్ళు వాళ్ళు. ఊరి మైలంతా మోసినందుకు వాళ్ళకి దక్కింది గౌరవం కాదు, వెట్టి. ఊరి మైల తీసేవాణ్ణి తక్కువ చేశారు, ఆ తక్కువైనవాడి చేత మనల్ని ఇంకా తక్కువ చేయించారు. తమిళనాడులో పుదిరై వణ్ణార్ అని ఒక కులం ఉంది. దళితుల బట్టలు ఉతికే కులం. వాళ్ళు దళితుల కంటే కిందట. మెట్ల మీద మెట్లు అని బాబాసాహెబ్ చెప్పింది దీని గురించే. ఆ మెట్ల మీద నిలబడి ఒకరినొకరం తొక్కుకుంటున్నంతకాలం పైమెట్టువాడి బట్ట నలగదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడి తన పంట తన ఇంటికి తెచ్చుకున్న రోజున ఆ మెట్టు కదిలింది. ఆమె మనకీ తల్లే.

చట్టం చదివే పిల్లలకి ఒక మాట. అంటరానితనం నేరాల మీద 1955లో వచ్చిన చట్టం, 1976 సవరణ నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటున్నాం, అందులో దుకాణం అంటే ఏమిటో చెప్పే చోట లాండ్రీ, క్షవరశాల అని పేరు పెట్టి మరీ రాశారు. అంటరానితనం పేరుతో సేవ నిరాకరిస్తే 6వ సెక్షన్ కింద నేరం. దేశ పార్లమెంటు కూర్చుని లాండ్రీ అనే మాటని చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, ఉతుకుడు ఎంత పెద్ద రాజకీయమో అర్థం చేసుకోండి. చట్టం వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా, 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసి 2006లో పుస్తకంగా వచ్చిన అధ్యయనంలో, దళితుల బట్టలు ఉతకడానికి నిరాకరించే ఊళ్ళు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, సగానికి దగ్గరగా.

ఆడపిల్లలకి ఇంకో మాట. 2018 సెప్టెంబరు 28 నాటి శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ తన భాగంలో, నెలసరి పేరుతో ఆడవాళ్ళని దూరం పెట్టడం కూడా 17వ అధికరణం నిషేధించిన అంటరానితనం లాంటిదేనని రాశారు. ముట్టు అన్నా, అంటు అన్నా మాట ఒకటే. ఊరి ఆడవాళ్ళకి నెలకి మూడు రోజులు అంటు, మన పల్లెకి నెలంతా, ఏడంతా అంటు. మన పల్లె ఆడపిల్లకి రెండూ కలిపి. ఆ రెండిటి బరువూ ఒక యూనిఫాం మీద పడితే పెన్సిల్‌తో పేరు లేని చీటీ అవుతుంది.

ఇంకో ప్రశ్న అడుగుతాను, మీ ఊళ్ళో, మీ హాస్టల్లో అందరూ ఆలోచించండి. అసలు మరక ఎవరిది? పొద్దున్నే మీ వీధిలో చెత్త ఎత్తే అక్క చీర మీద మరక ఉంటుంది. ఆ మరక ఆమె ఇంట్లో పుట్టలేదు, మీ వంటింట్లో పుట్టింది. మురుగు కాలవలో దిగిన అన్న ఒంటి మీది నలుపు ఆయన చేసింది కాదు, ఆ వీధిలో మేడలన్నీ కలిసి చేసింది. పత్తి తీసే మా అమ్మ గోళ్ళ సందుల్లో మట్టి, మీ తెల్లచొక్కా మొదట తిరిగిన దారి. మురికి చేసేవాడు శుభ్రమైనవాడు, మురికి తీసేవాడు మురికివాడు. ఈ దేశంలో వెయ్యేళ్ళుగా నడుస్తున్న దొంగలెక్క ఇది. మన పని ఆ లెక్క తిరగరాయడం. మరకలు దాచుకుంటూ ఆ లెక్కకి సంతకం పెట్టడం కాదు.

మనలో మనకి కూడా ఒక మాట ఉంది, కోపం తెచ్చుకోకండి. రాత్రి సభలో సమానత్వం మీద గంట మాట్లాడి, పొద్దున్నే నీలం కండువా అమ్మ ముందు పడేసే తమ్ముడూ, ఆ మెట్ల మీద నువ్వు కూడా ఒక మెట్టు ఎక్కి కూర్చున్నావు. నీ కాలరు మురికి నీది. బకెట్ అక్కడే ఉంది. చన్నీళ్ళలో నానబెట్టడం ఎలాగో పైన రాశాను.

ఇక చేయాల్సింది. ఆ చీటీ చదివాక నేను హాస్టల్ వెనక్కి వెళ్ళి చూశాను. కుళాయిలు నాలుగు, నీళ్ళు వచ్చేది రెండింట్లో. బట్టలు ఆరేసే తీగ వార్డెన్ గది ముందు, మగ సిబ్బంది తిరిగే చోట ఉంది. అందుకని పిల్లలు లోబట్టలు, ముట్టుగుడ్డలు తలుపు వెనక, తడి తువాళ్ళ కింద ఆరేసుకుంటున్నారు. ఎండ తగలని గుడ్డ సరిగ్గా ఆరదు, ఆరని గుడ్డ ఒంటికి జబ్బు తెస్తుంది. ముందు ఇవి చూసి అప్పుడు మరకల మీద ఉపన్యాసం ఇవ్వాలి.

విద్యార్థి సంఘాల మిత్రులారా, మీ జిల్లాలో ఒక్క ఆడపిల్లల హాస్టల్‌కైనా అక్కలతో కలిసి వెళ్ళి ఈ ఐదు అడగండి. కుళాయిలన్నింట్లో నీళ్ళు వస్తున్నాయా? యూనిఫాం ఎన్ని జతలు ఇచ్చారు, ఏ నెలలో ఇచ్చారు? సబ్బులకీ ప్యాడ్లకీ రావాల్సిన కాస్మెటిక్ ఛార్జీలు అందుతున్నాయా, ఎన్ని నెలలు బాకీ? ఆడపిల్లలు సిగ్గుపడకుండా బట్టలు ఆరేసుకునే ఎండ ఉన్న చోటు ఉందా? వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? జవాబులు కాగితం మీద రాసి సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెలలో కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. దండ వేయడం కంటే ఇది ఎక్కువ పని, తెలుసు. అందుకే రాస్తున్నాను.

చివరిగా ఆ చెల్లికి.

1848లో పూణేలో ఆడపిల్లలకి బడి పెట్టిన సావిత్రీబాయి ఫూలే రోజూ బడికి నడిచిపోతుంటే దారిలో పేడ, మట్టి విసిరేవాళ్ళని చెబుతారు. ఆమె ఇంకో చీర సంచిలో పెట్టుకుని బయల్దేరేదట. బడికి వెళ్ళాక మార్చుకుని పాఠం చెప్పేదట. ఆ మరక ఆమెది కాదు, విసిరినవాళ్ళది. ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టింది, బడి మాత్రం మానలేదు.

నీ యూనిఫాం మీదిది కూడా నీ తప్పు కాదు చెల్లీ. అది నీ ఒంటి ఆరోగ్యం. మరక పోతే మంచిదే, పైన రాసినట్టు చేసి చూడు. పోకపోతే మరకతోనే బడికి పో. ఎవరైనా నవ్వితే తిరిగి చూడు, వాళ్ళ మొహం మీద ఏముందో కనిపిస్తుంది. నా తొమ్మిదో తరగతి బహుమతి నాకు ఇప్పటికీ రాలేదు. నీది నువ్వు వెళ్ళి తెచ్చుకో.

మీ హాస్టల్ లెక్కలు నాకు రాసి పంపండి. వచ్చే భాగంలో కాస్మెటిక్ ఛార్జీల సంగతి.

జై భీమ్. జై సావిత్రి.